ఎవరిదో తెలియకూడని ఊపిరి

మా పిన్నిని ఆఫీసులో అందరూ తాళం మేడం అంటారు. నిజానికి ఆవిడ దగ్గర ఒక్క తాళంచెవి కూడా ఉండదు. ఇంటి తాళంచెవి నా బ్యాగులోనే ఉంటుంది, ఆవిడకిస్తే ఎక్కడో పెట్టి మర్చిపోయి గుమ్మం ముందు కూర్చుంటుంది కాబట్టి. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు మా కంపెనీ గురించి చెప్పాలి. కంపెనీ కంటే ముందు మా బాబాయి గురక గురించి చెప్పాలి.

బాబాయి సిటీ బస్సు డ్రైవరు. ఆయన గురక మొదలుపెడితే పక్కింటివాళ్లు కిటికీలు వేసుకునేవాళ్లు. గురకతో ఎవరికీ పేచీ లేదు. మధ్యలో అది ఆగిపోయేది, పేచీ అక్కడ. ఊపిరి కూడా దాంతోపాటే ఆగేది. పిన్ని పక్కన పడుకుని చెవులు రిక్కించి వింటూ ఉండేది. మళ్లీ మొదలైతే అటు తిరిగి పడుకునేది.

ఇలా నిద్రలో ఊపిరి ఆగే జబ్బున్నవాళ్లకి పగలు కునుకు పడుతుంది. డ్రైవర్లకి ఆ జబ్బుందని తెలిస్తే లైసెన్సు ఆపేస్తారు. దానికి మందంటూ ఏమీ లేదు, ముక్కుకి మాస్కు తగిలించి రాత్రంతా గాలి పంపే మిషను ఒకటుంది, చెప్పుల డబ్బా అంత ఉంటుంది. ఆ మిషన్లు తయారుచేసేది మా కంపెనీయే. వాటిని బాగుచేసే వర్క్‌షాపులో పిన్ని పనిచేసేది. రోజూ పదిమంది మిషన్లు విప్పి బాగుచేసే మనిషి ఇంట్లో మిషను లేదు. బాబాయి పెట్టనిచ్చేవాడు కాదు.

"మీ మిషన్లకి నోరెక్కువ. పొద్దున్నే మీ ఆఫీసుకి ఫోన్ చేసి, ఫలానా నంబరు మనిషి రాత్రి ఇన్నిసార్లు ఊపిరి ఆపాడని చెప్పేస్తాయి. తర్వాత నేను స్టీరింగు వదిలేసి నీ వర్క్‌షాపులో స్క్రూలు తుడవాలి" అనేవాడు.

"మా స్క్రూలు నీకివ్వం. పోగొడతావు" అనేది పిన్ని.

నవ్వులాటగా అనుకునేవాళ్లే కానీ, ఆయన చెప్పింది నిజమే. అప్పట్లో మిషన్లు ప్రతి పొద్దునా తమ నంబరుతో సహా రాత్రి ఊపిరినంతా కంపెనీకి పంపేవి. ఒకరోజు సిగ్నల్ దగ్గర బాబాయికి కళ్లు మూతపడ్డాయి. వెనక హారన్లు మోగితే గానీ లేవలేదు. బస్సు నిండా జనం. మర్నాడు తనంతట తనే డ్యూటీ మానేసి, మిషను తగిలించుకున్నాడు. అప్పటికే ఆలస్యం అయిపోయింది. గుండె పాడైపోయింది. గుండె పాడైతే ఊపిరి ఇంకోరకంగా ఆగుతుంది, మెదడే ఊపిరి తీయమని చెప్పడం మర్చిపోతుంది. ఆ రకాన్ని మిషను కూడా పూర్తిగా ఆపలేదు. ఇంకో ఏడాది ఉన్నాడు.

ఆయన పోయాక పిన్ని వర్క్‌షాపు వదిలి పెద్దాఫీసుకి వచ్చింది. వచ్చి పోరు పెట్టింది. ఈ మిషను ఎవరిదో మనకే తెలియకూడదు, తెలిసే వీలే ఉండకూడదు, అప్పుడే డ్రైవర్లు తెచ్చుకుంటారు అని. చివరికి కంపెనీ ఒప్పుకుంది. అలా వచ్చిన పద్ధతికి తాళం అని పేరు పెట్టారు, పిన్నికి తాళం మేడం అని. నేను కాలేజీలో ఈ లెక్కలే చదివి, ఆ పద్ధతి కోసమే ఈ ఉద్యోగంలో చేరాను. పిన్నింట్లోనే ఉంటాను.

ఆ పద్ధతి ఎంత అందంగా ఉంటుందంటే, చెప్పకుండా ఉండలేను. ప్రతి మిషన్లో గోరంత చిప్పు ఒకటుంటుంది. చిప్పు తన లోపల తనే ఒక రహస్య సంఖ్యని పుట్టించుకుంటుంది. అది ఎప్పుడూ బయటికి రాదు. ఫ్యాక్టరీలో కంపెనీ ఆ సంఖ్య మీద సంతకం పెడుతుంది, సంఖ్యని చూడకుండానే. మూసిన కవర్లో కార్బన్ కాగితం పెట్టి, కవరు మీద సంతకం చేస్తే లోపలి కాగితం మీద పడుతుంది చూడండి, అలాగ. తర్వాత ఇంట్లోంచి ఊపిరి లెక్క పంపేటప్పుడు మిషను, "నేను అసలు మిషన్నే, నా ప్రోగ్రాము ఎవరూ మార్చలేదు, నా దగ్గర మీ సంతకం ఉంది" అని రుజువు చేస్తుంది. సంతకాన్ని మాత్రం చూపించదు. చూపించకుండా రుజువేంటని అడక్కండి, అడిగితే నేను ఆగను. బజార్లో నకిలీ మిషన్లు, మార్చేసిన ప్రోగ్రాములు బోలెడున్నాయి. వాటి లెక్కలు కలిస్తే మందులో విషం కలిసినట్టే. కాబట్టి అసలుదా నకిలీదా అన్నది తెలియాలి. ఎవరిదన్నది తెలియకూడదు. ఈ రెండూ ఒకేసారి!

ఇంకొకటుంది. ఒకే మిషను ఒకే రోజు రెండుసార్లు లెక్కలోకి రాకూడదు కదా. అందుకని చిప్పు తన రహస్యాన్నీ ఆ రోజు తేదీనీ కలిపి రుబ్బి ఒక గుర్తు తీస్తుంది. ఆ రోజుకి ఆ మిషను గుర్తు అదే. మర్నాడు తేదీ మారుతుంది, గుర్తూ మారుతుంది. నిన్నటి గుర్తునీ ఇవాళ్టి గుర్తునీ పక్కపక్కన పెట్టి రెండూ ఒకే మిషనువని ఎవరూ చెప్పలేరు. కంపెనీ చెప్పలేదు, పిన్ని చెప్పలేదు, ఇంత చదివిన నేనూ చెప్పలేను.

పిన్ని పని పొద్దున్న మొదలవుతుంది. రాత్రి ఊపిరులన్నీ తెర మీద గీతల్లా వచ్చి ఉంటాయి. వేలకి వేలు. కంప్యూటరు వింతవి ఏరి పక్కన పెడుతుంది, పిన్ని వాటిని చూస్తుంది. ఏ మోడల్లో మోటారు అలిసిపోతోంది, ఏ ఫిల్టరు త్వరగా మూసుకుపోతోంది అన్నది గీత చూసి చెప్పేస్తుంది. "ఈయన మాస్కు వదులుగా పెట్టుకున్నాడు. ఈవిడ పక్కకి తిరిగి పడుకుంది చూడు, ఇక్కణ్ణుంచి నయం" అని ముక్కూ మొహం తెలియనివాళ్ల గురించి ఇంట్లోవాళ్ల గురించి చెప్పినట్టు చెబుతుంది.

ఒక పొద్దున్న నేను టీ కప్పుతో వెళ్లేసరికి కుర్చీలో బిగుసుకుపోయి ఉంది.

"చిట్టీ, ఇలా రా. ఇది చూడు."

చూశాను. గీత మెట్లెక్కినట్టు పెరిగి, మెట్లు దిగినట్టు తగ్గి, నేల మీదికొచ్చి ఆగిపోయింది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత రెండు చిన్న బుడిపెలు, ఎవరో తలుపు కొట్టి ఆగినట్టు. ఆ తర్వాత ఒక పెద్ద ఊపిరి. మళ్లీ మెట్లు.

"ఎవరో గుండెజబ్బు మనిషి పిన్నీ. పాపం" అన్నాను.

"మీ బాబాయి."

నేను నవ్వబోయి ఆవిడ మొహం చూసి ఆగాను.

"ఆ జబ్బున్నవాళ్లందరూ ఇలాగే తీస్తారు కదా."

"అందరూ తీస్తారు. ఈ రెండు బుడిపెలు అందరికీ ఉండవు. ఊపిరి తీయబోయి, వద్దులే అనుకుని, మళ్లీ తీయబోయి, అప్పుడు తీసేవాడు. రాత్రుళ్లు దీనికోసమే కదే నేను మేలుకుని ఉండేదాన్ని. నేను పొరపాటు పడతానా?"

"టీ చల్లారిపోతుంది" అన్నాను. అంతకంటే తెలివితక్కువ మాట నా జన్మలో అనలేదు.

మర్నాడు ఆ గీత మళ్లీ వచ్చింది. గుర్తు వేరు, ఊపిరి అదే. ఆ తర్వాతి రోజూ వచ్చింది. పద్ధతి ప్రకారం చూస్తే వాటికి ఒకదానితో ఒకటి సంబంధం లేదు. పిన్ని కంటికి మాత్రం ఉంది. మనిషి పేరుని ఎంత గట్టిగా దాచినా, మనిషి ఊపిరి తీసే తీరులోనే కొంత పేరు ఉండిపోతుందని మా క్లాసులో ఎవరూ చెప్పలేదు. నాకు చాలా కుతూహలంగా అనిపించింది. నేనలా కుతూహలపడుతుంటే పిన్ని ఇంట్లో అన్నం కలిపి తినకుండా కూర్చుంది.

"ఆయన మిషను ఇప్పుడు ఎవరి దగ్గరుంది?" అనడిగాను.

"తుక్కులో పోయి ఏళ్లయింది. మిషను సంగతి కాదే. ఇవాళ ఆగడం ఎంతసేపు ఆగిందో చూశావా? మొన్నటికంటే ఎక్కువ. రోజురోజుకీ సాగుతోంది. ఆయనకీ ఇలాగే సాగింది. ఇది ఎక్కడికి పోతుందో నాకు తెలుసు."

అప్పుడు నాకు భయం వేసింది. దెయ్యమని కాదు. ఎవరో మనిషి ఎక్కడో ఒక గదిలో పడుకుని ఉన్నాడు. బాబాయి జబ్బే, బాబాయి ఊపిరే. ఆయన దారిలోనే అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్తున్నాడు. ఆ సంగతి తెలిసింది ఈ లోకంలో మా ఇద్దరికే. అతనికి ఒక్క మాట చెబితే ఆసుపత్రికి వెళ్తాడేమో, బతుకుతాడేమో. చెప్పడానికి అతనెవరో తెలియదు. తెలియకుండా ఉండాలని పట్టుబట్టి సాధించింది పిన్నే.

చేతులు కడుక్కుంటూ, నా వైపు చూడకుండా అడిగింది.

"తేదీ బదులు రోజూ ఒకే మాట పెట్టి రుబ్బమంటే, గుర్తు మారదు కదా?"

"మారదు."

"మార్చడానికి ఎంత పని?"

"ఒక్క లైను."

"నువ్వు చెయ్యగలవా?"

"చెయ్యగలను పిన్నీ."

కుళాయి కట్టేసి, తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. ఆ మనిషిని బతికించాలని అడుగుతోందో, ఆ ఊపిరి ఎక్కణ్ణుంచి వస్తోందో చూడకుండా ఉండలేక అడుగుతోందో నాకు అర్థం కాలేదు. ఆవిడకీ అర్థం కాలేదనుకుంటాను. "వద్దులే" అని లోపలికి వెళ్లిపోయింది.

మేనేజరు గారికి చెప్పక తప్పలేదు. ఆయన మంచివాడే, కాకపోతే ఉలికిపాటు మనిషి. ఫోన్ మోగితే ముందు లేచి నిలబడతాడు, తర్వాత ఎత్తుతాడు. విషయం వినగానే పిన్ని వంటింట్లో అడిగిన ఆ ఒక్క లైనే ఆయనకీ తట్టింది.

"వారం రోజులు ఒకే గుర్తు వచ్చేలా చేద్దాం మేడం. ఏయే రోజు ఆ మిషను లెక్క రాలేదో చూద్దాం. సర్వీసుకి ఎవరెవరి మిషన్లు ఎప్పుడొచ్చాయో మన దగ్గర ఉంది కదా. రెండూ కలిపితే పదీ పదిహేను పేర్లు మిగులుతాయి. అందరికీ ఫోన్ చేసేద్దాం."

"ఆయనొక్కడికే చెయ్యడం కుదరదు సార్. ఆయనెవరో తెలియదు కాబట్టి అందరికీ చెయ్యాలి. అప్పుడు ఆయనతోపాటు అందరూ దొరుకుతారు."

"దొరికితే ఏమవుతుందండీ? నేనెవరికైనా చెప్తానా?"

"మీరు చెప్పరు. మీ తర్వాత ఈ కుర్చీలోకొచ్చే ఆయన సంగతి?"

"అతని సంగతి అతనొచ్చాక చూద్దాం. ముందీ మనిషి పోతే? చూస్తూ కూర్చున్నారని రేపు జనం నా మొహం మీద ఉమ్మరూ?"

"ఉమ్ముతారు. నా మొహం మీద కూడా ఉమ్ముతారు. మీరు డ్రైవర్లకి మాటిచ్చారు సార్. మీ మాట నమ్మి ఎంతమంది మాస్కు పెట్టుకుని పడుకుంటున్నారో మీకూ తెలియదు, నాకూ తెలియదు. రేపు మాట తప్పారని తెలిస్తే అందరూ తీసి అటక మీద పారేస్తారు. మా ఆయనైతే ఇంట్లోకే రానివ్వలేదు."

మేనేజరు గారు తల పట్టుకున్నాడు. "అయితే మీరే చెప్పండి. ఈ వారం చివరిదాకా చూస్తాను. ఇంకో దారి దొరికిందా సరే. లేదంటే ఆ లైను మార్చేయమని ఈ అమ్మాయికి నేనే చెప్తాను. మాటా గీటా తర్వాత."

ఆ మాట నా వంక చూసి అన్నాడు. చెబితే నేను మార్చాల్సిందే.

తర్వాతి రోజులు ఎలా గడిచాయంటే, పొద్దున్న లేవగానే ఇద్దరం తెర ముందు. ఆ గీత వచ్చిందంటే ఒక భయం, ఇంకా బతికే ఉన్నాడు, ఇంకా సాగింది. కాస్త ఆలస్యమైతే ఇంకో భయం. ఇంట్లో పిన్ని నడవాలో నడుస్తూ నడుస్తూ ఆగిపోయేది. నేనూ ఆగిపోయి చెవులు రిక్కించేదాన్ని. ఇంట్లో గడియారం చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. ఆఫీసులో ఎవరైనా దగ్గి ఆగినా ఆవిడ తలెత్తి చూసేది, మళ్లీ దగ్గేదాకా.

దారి బస్సులో దొరికింది. ఇంటికి వెళ్తుంటే ఎవరిదో సంచీ సీటు కింద ఉండిపోయింది. కండక్టరు దాన్ని ఎత్తి పట్టుకుని, "ఎవరిదమ్మా ఈ నీలం సంచీ? లోపలేముందో చెప్పినవాళ్లు తీసుకోండి" అని అరిచాడు. వెనకనించి ఒకావిడ, "నాదే బాబూ, చెప్పనవసరం లేదు, అందరూ వింటారు" అంది. బస్సంతా నవ్వింది.

పిన్ని నవ్వలేదు. నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వాడు బస్సులో అందరి జేబులూ తడిమాడా?"

"ఎవరు?"

"కండక్టరే. సంచీ చూపించాడు అంతే. ఎవరిదో వాళ్లకి తెలుసు. చిట్టీ, ఆ గుర్తుని మనం అందరికీ చూపిస్తే?"

నాకు ఒక్క క్షణంలో వెలిగింది. ఎగిరి గంతేయకుండా ఆపుకోవడం కష్టమైపోయింది. నిన్నటి గుర్తు మన దగ్గరుంది. దాన్ని అన్ని మిషన్లకీ పంపిస్తే, ప్రతి చిప్పూ నిన్నటి తేదీని తన రహస్యంతో మళ్లీ రుబ్బి చూసుకుంటుంది. వేల మిషన్లలో ఒక్కదానికే సరిపోతుంది. దానికే ఎర్ర దీపం వెలుగుతుంది. మనకేమీ తిరిగి చెప్పదు. ఊళ్లో అందరికీ వినిపించేలా అరిచినా ఒక్కడికే వినిపించే పిలుపన్నమాట. లెక్కల్లో ఇంత దయ ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

ప్రోగ్రాము నేను రాశాను. దీపం కింద వచ్చే మాటలు పిన్ని రాసింది: "మీ ఊపిరి బాగాలేదు. ఇవాళే గుండె డాక్టరుకి చూపించుకోండి. మాకు చెప్పనవసరం లేదు. చెప్పాలనిపిస్తే ఫోన్ చెయ్యండి." మేనేజరు గారు ఆ మూడో మాట తీసేద్దామన్నాడు. పిన్ని ఒప్పుకోలేదు.

"అయితే ఆయనకి వెలిగిందో లేదో మనకెలా తెలుస్తుందండీ?"

"తెలియకపోవచ్చు."

"మరి మనమేం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యకూడదు" అంది పిన్ని.

పొద్దున్నే పంపించాం. దీపం సంగతి అందరికీ తెలియాలని ఒక ప్రకటన కూడా ఇచ్చాం. దాంతో ఫోన్లు మొదలయ్యాయి. దీపం వెలగనివాళ్ల నుంచి.

"హలో, నాకు దీపం వెలగలేదండీ."

"అంటే మీకేం ఫర్వాలేదండీ."

"బల్బు పోయుంటుందేమో చూస్తారా?"

ఇంకొకాయన, "మా ఆవిడ మిషనుకి వెలిగించడం కుదురుతుందా? నేను చెబితే డాక్టరు దగ్గరికి రావట్లేదు" అన్నాడు. ఒకాయన మాత్రం పేరు చెప్పకుండా, "నేను లారీ నడుపుతాను. దీపం వెలగలేదు. మేమెవరమో మీరు కనుక్కోలేదన్న మాట నిజమేనా?" అని అడిగాడు. నిజమేనని పిన్ని చెప్పింది. "సరే, పడుకుంటాను" అని పెట్టేశాడు.

అసలు మనిషి చెయ్యలేదు.

మర్నాడు పొద్దున్న ఆ గీత మళ్లీ వచ్చింది. ఆసుపత్రికి వెళ్లలేదు. ఇంట్లోనే పడుకున్నాడు. ఆగడం ఇంకా సాగింది. నేను గుడ్లప్పగించి చూస్తున్నాను. పిన్ని గీతని పెద్దది చేసి చూస్తోంది.

"దీపం చూసుకోలేదా? చూసినా పట్టించుకోలేదా? ఈయన కూడా ఎవరికీ తెలియకూడదని దాక్కుంటున్నాడా?" అని గీతతోనే మాట్లాడుతోంది. "చెప్పొద్దన్నాం కదయ్యా. డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్లమన్నాం. అంత మాట వినలేవూ?"

ఆ గొంతు నాకు తెలుసు. ముక్కూ మొహం తెలియని మనిషితో మాట్లాడే గొంతు కాదది. తర్వాత మెల్లగా, "ఆ లైను మార్చడానికి సిద్ధం చేసి పెట్టు. సార్‌కి నేను చెప్తాను" అంది.

నేను కీబోర్డు దగ్గరికి లాక్కున్నాను. పిన్ని ఓడిపోతోందని బాధ. ఓడిపోకపోతే ఆ మనిషి పోతాడు. రెండు చేతులూ కీబోర్డు మీద పెట్టుకుని, ఏ చెయ్యీ కదలక కూర్చున్నాను.

అప్పుడు ఫోన్ మోగింది. వర్క్‌షాపు నుంచి. అక్కడి పాత మెకానిక్కుని అందరూ పానా గారంటారు. పిన్నికి పని నేర్పింది ఆయనే.

"ఏవమ్మా తాళం మేడమూ, పైకెళ్లాక కింద మనుషుల్ని మర్చిపోయావు. ఇక్కడ నా బల్ల మీద మిషనొకటి నిన్నట్నించి ఎర్ర దీపం వేసుకుని కూర్చుంది. గుండె డాక్టరుకి చూపించుకోమంటోంది. నన్నా, బల్లనా?"

పిన్ని ఫోన్ కింద పెట్టకుండానే లేచింది.

వర్క్‌షాపు ఊరికి ఆ చివర. పొడుగాటి షెడ్డు, వేడెక్కిన రబ్బరు వాసన, గోడ పొడవునా విప్పి పెట్టిన మిషన్లు. మధ్య బల్ల మీద ఒక బూడిదరంగు రబ్బరు తిత్తి ఉంది. బాగుచేసిన మిషన్లని దానికి తగిలించి పరీక్ష చేస్తారు, మనిషి ఊపిరితిత్తికి బదులు. కింద మోటారు దాన్ని లాగుతూ వదులుతూ ఉంటుంది. మేం వెళ్లేసరికి తిత్తి కొంచెం, ఇంకొంచెం, ఇంకొంచెం పొంగుతోంది. తర్వాత తగ్గుతూ తగ్గుతూ వచ్చి ఆగింది.

పిన్ని గుమ్మంలోనే నిలబడిపోయింది. నేనూ ఊపిరి బిగపట్టాను. తిత్తి రెండుసార్లు చిన్నగా అదిరింది. తర్వాత నిండుగా పొంగింది.

"అన్నయ్యా, ఇదెక్కడిది?"

పానా గారు చేతులు తుడుచుకుంటూ పిన్ని మొహం చూశారు. వేళాకోళం ఆగిపోయింది.

"నీకు తెలియదామ్మా? నీకు తెలుసనుకున్నాను. ఆయన మిషను సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడమని, ఊపిరి రికార్డయిన కార్డులు తెచ్చిచ్చేదానివి కదా నెలనెలా. అప్పుడు కాపీ చేసుకున్నాను. కంపెనీ ఇచ్చిన ఊపిరి పెడితే పసిపిల్లలా తీస్తుంది, దేన్లోనూ లోపం బయటపడదు. మీ ఆయనది పెడితే ఎక్కడ వదులుందో అక్కడ మొరాయిస్తుంది. ఆయన దగ్గర నెగ్గి బయటికెళ్లిన మిషను ఒక్కటీ తిరిగి రాలేదు."

ఇన్నేళ్లూ ఆ షెడ్డులో బాబాయి ఊపిరి తీస్తూనే ఉన్నాడు. మామూలుగా పరీక్ష గంటా రెండు గంటలే, అప్పుడు మిషన్లకి నెట్‌వర్కు పెట్టేవాళ్లు కాదు, కాబట్టి అది తెర మీదికి రాలేదు. రాత్రి దాటి నడవాలంటే మాత్రం, పొద్దున్నే సర్వర్‌కి రుజువు చూపిస్తే గానీ మిషను కదలదు. ఈమధ్య ఒక మిషన్ని వారాలపాటు ఆపకుండా నడిపి చూడాల్సొచ్చి, పానా గారు కార్డుకి రెండు మూడు రాత్రుల చొప్పున అన్నీ మొదట్నించీ వరసగా పెట్టి వదిలేశారు. మొదటి నెల, తర్వాతి నెల, ఆ తర్వాతిది. ఊపిరి ఆగడం సాగుతూ వచ్చింది అందుకే.

మిషను అబద్ధం చెప్పలేదు. అది అసలు మిషనే, ప్రోగ్రాము ఎవరూ మార్చలేదు, ఊపిరి కూడా కల్పించింది కాదు. అవతల ఉన్నది మనిషో రబ్బరో చెప్పమని దాన్నెవరూ అడగలేదు. నేను చదివిన లెక్కలన్నిట్లోనూ ఆ ప్రశ్నకి చోటు లేదు.

చచ్చిపోతున్నాడనుకున్న మనిషి లేడు. సంతోషించాలి. మా ఇద్దరికీ సంతోషం రాలేదు.

"ఇంకెన్ని కార్డులున్నాయి?" అంది పిన్ని.

"ఇదయ్యాక ఒక్కటే."

"అది పెట్టకన్నయ్యా."

"పెట్టనులే. మళ్లీ మొదట్నించి పెడతాను."

మళ్లీ మొదట్నించి అన్న మాట పిన్ని మొహం మీద కాసేపు నిలబడింది. అంటే మళ్లీ ఆ ఏడాదంతా. రోజూ పొద్దున్న తెర మీద, ఇంకా జబ్బు ముదరని రోజుల ఊపిరి. ఆయనెవరో తనకొక్కదానికే తెలుసు. ఎవరినీ ఏమీ అడగనవసరం లేదు. అలాగే కానివ్వమంటుందనుకున్నాను. అనాలని నాకూ ఉంది.

"వద్దు" అంది. "పూర్తిగా తీసెయ్యి."

"ఏంటమ్మా, ఆయన పని ఆయన చేసుకుపోతున్నాడు. నీకేం అడ్డం?"

"రేపు ఇలాంటి ఊపిరే ఇంకొకటొస్తుంది. పానా అన్నయ్య రబ్బరు తిత్తిలే అనుకుని వదిలేస్తాను. అది మనిషిదైతే?"

"ఆపే మీట అదిగో, పచ్చది. నువ్వే నొక్కు. నాకు చేతకాదు" అని పానా గారు మొహం తిప్పుకున్నారు.

పిన్ని బల్ల దగ్గరికెళ్లి ఎడమ చెయ్యి తిత్తి మీద పెట్టింది. కుడి చెయ్యి మీట మీద పెట్టింది. తిత్తి పొంగి పొంగి తగ్గి ఆగింది. నొక్కుతుందనుకున్నాను. నొక్కలేదు. చెవులు రిక్కించి నిలబడింది. రెండు అదుర్లు వచ్చాయి. పెద్ద ఊపిరి వచ్చింది. అప్పుడూ నొక్కలేదు. మళ్లీ తగ్గింది, మళ్లీ ఆగింది.

"పిన్నీ, ఆగినప్పుడు నొక్కితే..." అన్నాను మెల్లగా.

"ఆగినప్పుడు నొక్కను" అంది.

ఆ ఆగడం చాలా పెద్దది. షెడ్డులో ఎవరూ కదల్లేదు. అదిరింది. ఇంకోసారి అదిరింది. తిత్తి ఆవిడ అరచేతిని పైకెత్తుతూ నిండుగా పొంగింది. అప్పుడు నొక్కింది.

మోటారు ఆగింది. తిత్తిలోంచి గాలి తనంతట తనే నెమ్మదిగా దిగిపోయింది. పిన్ని చెయ్యి దాని మీదే ఉంది. పానా గారు ఎర్ర దీపం ఆర్పడానికి వచ్చి, ఎందుకో ఆగి, టీ చెప్పొస్తానని బయటికి వెళ్లిపోయారు.